మంచు మీద రంపపు పొట్టు

ఫలితాల కాగితం బోర్డు మీదికి ఎక్కింది ఒంటిగంటా నలభైకి. అందరూ పై నుంచి కిందికి చదివారు. మెర్వీ మాత్రం కింద నుంచి పైకి చదివింది. తమ్ముడి పేరు ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు.

‘27. వేసా కార్వినెన్. పోటీ నుంచి తొలగింపు. గుర్తులున్న వల గోతి మీదుగా నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు రెండేళ్ళ నిషేధానికి సిఫార్సు.’

రెండేళ్ళు. ఆ మాటని మూడుసార్లు చదివింది. నాలుగోసారికి ఆమె చెయ్యి కాగితం అంచు మీదికి వెళ్ళింది.

"చింపకమ్మా తల్లీ," అన్నాడు వెనక నుంచి ఓయివా. గడ్డకట్టిన సరస్సు మీద జరిగే ఈ మోటారు సైకిళ్ళ పోటీలో టైము లెక్కలు రాసేది అతనే. "నకళ్ళు రెండే తీశాను. రెండోదాని మీద నా సాసేజి ఉంది."

వేరే రోజైతే మెర్వీ నవ్వేది. ఇవాళ దవడ బిగిసిపోయి ఉంది. పొద్దున పదకొండున్నర నుంచీ అలాగే ఉంది.

పదకొండున్నరకి, అయిదో చుట్టులో, వేసా అందరికంటే ముందున్నాడు. ఆవుల దీవి వెనక మలుపు దాటాక, ఒక చుట్టు వెనకబడ్డ బండి దారికి అడ్డంగా నత్తనడక నడుస్తుంటే, దాన్ని దాటడానికి ఎడమకి వెడల్పుగా వెళ్ళాడు. అది తప్పేం కాదు. దారి గుర్తుగా వరసగా పాతిన దేవదారు మొక్కలు కుడిచేతి వైపు ఉంటే చాలు, ఎడమకి ఎంత దూరం పోయినా అది ఎవరిష్టం వాళ్ళది. అయితే అక్కడ మంచు పెచ్చు విరిగి, ముందు చక్రం ఒక వల గోతిలోకి దిగబడిపోయింది. బండి పల్టీ కొట్టింది. వేసా తొడ ఎముక రెండుగా విరిగింది.

అంబులెన్సు ఎక్కిస్తుంటే మెర్వీ వాడి మీద అరిచింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా? వల గోతికి చెట్లుంటాయని నీకొకళ్ళు చెప్పాలా?"

వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. "చెట్లు లేవక్కా," అన్నాడు. తర్వాత కాసేపాగి, "లేవో... నేనే చూళ్ళేదో. తెలీట్లేదక్కా," అన్నాడు.

ఆ రెండో మాటే ఇప్పుడు మెర్వీని వదలడం లేదు. కుయిక్కా సరస్సు ఒడ్డున పుట్టినవాడికి నడక కంటే ముందు వచ్చే పాఠం అది. చలికాలం వల వెయ్యడానికి ఎవరైనా మంచులో గొయ్యి కొడితే, దాని పక్కన రెండు దేవదారు మొక్కల్ని ఒకదానికొకటి అడ్డంగా వాలేట్టు పాతాలి. ఆ అడ్డ గుర్తు కనిపిస్తే తాగినవాడు కూడా చుట్టూ తిరిగి పోతాడు. కుక్కలు కూడా పోతాయి. ఆ గుర్తుని తొక్కి పడ్డవాడంటే ఇక ఈ సరస్సు మీద వాడికి మొహం చెల్లదు. రెండేళ్ళ నిషేధం కాగితం మీది మాట. ఈ మాట జీవితాంతం ఉంటుంది.

మెర్వీ నిర్వాహకుల డేరాలోకి దూసుకుపోయింది.

లోపల ముగ్గురు ఉన్నారు. నిర్ణేతల పెద్ద రైయా విర్టా. నగరం నుంచి వచ్చిన మనిషి, ఇక్కడి మట్టి కానిది. మూలన సాసేజి తింటూ, మెర్వీ కంటే ముందే వెనకదారిన వచ్చి కూర్చున్న ఓయివా. మూడో మనిషి కౌకో. దారి వెయ్యడం, చెట్లు పాతడం, తియ్యడం అన్నీ ఆయన పనే. తండ్రి చనిపోయినప్పటి నుంచి మెర్వీకీ వేసాకీ ఆయనే దిక్కు. బండి నేర్పింది ఆయనే. మంచు మీద జారకుండా మొదటి టైరుకి మొదటి ఇనప ములుకు ఎలా దించాలో మెర్వీ చెయ్యి పట్టుకుని చూపించింది ఆయనే. ఊళ్ళో అందరికీ ఆయన కౌకో. వీళ్ళిద్దరికీ కౌకో బాబాయ్.

"బాబాయ్, ఈ కాగితం మీద సంతకం నువ్వు కూడా పెట్టావా?"

కౌకో కాఫీ కప్పులోకి చూస్తూ, "పెట్టాలి కదమ్మా. నేనూ నిర్ణేతనే," అన్నాడు.

"గుర్తులున్నాయని ఎవరు చెప్పారు?"

"నేను చెప్పాను. పొద్దున దారి చూసుకుంటూ వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను. రెండు చెట్లు, అడ్డంగా. గట్టిగా నిలబడి ఉన్నాయి."

"మరి అవేవి ఇప్పుడు?"

"ఏవంటే? బండి గుద్దేసింది. గోతిలో పడి మంచు కిందికి పోయుంటాయి."

"వాడి బండి నేను చూశాను. చట్రం మీద గానీ చువ్వల్లో గానీ ఒక్క దేవదారు ఆకు లేదు. చెట్టుని గుద్దిన బండికి ఆకు కూడా అంటుకోదా?"

"మెర్వీ," అంది రైయా, గడియారం చూస్తూ. "అభ్యంతరం ఉంటే ఫలితాలు పెట్టిన అరగంటలోగా రాతలో ఇవ్వాలి. అంటే రెండూ పదికి. రుజువుతో. అరుపులతో కాదు. రెండూ పది దాటితే ఈ కాగితం మోటారు పోటీల సంఘానికి పోతుంది, ఇంక నా చేతిలో ఉండదు."

"పాపం, వాడికి దెబ్బ తగిలింది కదా అని నేనే చెప్పి మూడేళ్ళని రెండేళ్ళు చేయించాను," అన్నాడు కౌకో మెల్లగా.

ఆ ‘పాపం’ మెర్వీకి చెంపదెబ్బలా తగిలింది. ఈయన ఎప్పుడూ వేసాని పాపం అనలేదు. గాడిద అనేవాడు, పంది అనేవాడు, మొద్దు అనేవాడు. పాపం అన్నది ఇదే మొదటిసారి.

బయటికి నడిచింది.

ఆమె బండి పాతది. గత ఏడాది టైర్లు. వెనక టైరులో మూడో వంతు ములుకులు ఎప్పుడో ఎగిరిపోయాయి. వేసా టైర్లకైతే నెల రోజులు కూర్చుని మూడువందల ఎనభై ములుకులు ఒక్కొక్కటే దించింది. తన బండికి దించుకునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. మూడో తన్నుకి ఇంజను లేచింది. ఒడ్డు దిగి, సరస్సు మీదికి వచ్చి, ఒక్కసారిగా పిడి తిప్పింది. ఉన్న ములుకులు మంచుని కొరికాయి. పోపులో ఆవాలు పేలినట్టు చప్పుడు. మార్చి ఎండకి పైన వేలు మందాన నీరు నిలిచి ఉంది. మోకాళ్ళ దాకా తడిసింది. నాలుగు కిలోమీటర్లు. ఒక్కసారి కూడా పిడి వదల్లేదు.

దీవి వెనక హిల్యా అవ్వ ఒక్కతే ఉంది. డెబ్భై దాటిన మనిషి. ఆ గొయ్యి ఆమెదే, ఆ వల ఆమెదే. కాలితో తోసుకునే జారుడు కుర్చీని గోతి పక్కనే నిలబెట్టి, చిరిగిపోయిన వలని చేతులతో లాగి చూసుకుంటోంది.

"నన్ను తిట్టడానికి వచ్చావా పిల్లా?" అంది తల ఎత్తకుండా. "తిట్టు. అందరూ అయిపోయారు, నువ్వొక్కదానివే మిగిలావు. మూడు రోజులు జ్వరమొచ్చి రాలేదు. గొయ్యి మీద పెచ్చు కట్టింది, దాని మీద మంచు పడింది. కానీ గుర్తు పెట్టకుండా పోయే దాన్ని కాదు నేను. యాభై ఏళ్ళుగా పెడుతున్నా."

"పెట్టావని వాళ్ళే అంటున్నారవ్వా. నా తమ్ముడు వాటిని గుద్దేశాడంటున్నారు."

"గుద్దితే విరగాలి కదా! విరిగితే మొదలు ఉండాలి కదా! నేను గొడ్డలితో మొన తీసి, రంధ్రంలో దించి, నీళ్ళు పోసి బిగిస్తాను. గాలివాన వచ్చినా కదలవు. ఏది మరి మొదలు?"

మెర్వీ మోకాళ్ళ మీద కూర్చుంది. గోతి చుట్టూ స్ట్రెచరు మోసినవాళ్ళ అడుగులు, చక్రాల గాట్లు, వేసా రక్తం మూడు చుక్కలు. గ్లవ్వుతో మంచుని తుడుచుకుంటూ పోయింది. బారెడు దూరంలో, ఎవరూ తొక్కని చోట, తెల్లటి మంచు మీద పసుపుపచ్చగా ఏదో కనిపించింది. చిటికెడు తీసి నలిపింది. వాసన చూసింది.

రంపపు పొట్టు.

సరస్సు నడిమధ్యలో, చెట్టన్నది లేని చోట, రంపపు పొట్టు.

ఇంకాస్త తుడిచింది. మంచుతో సమానంగా కోసిన మొదలు కనిపించింది. పిడికిలంత గుండ్రంగా, తెల్లగా, తాజాగా. ఒక అంచున కోత ఆగిపోయి, మిగిలినది విరిచినప్పుడు లేచిన చీలిక, వేలెడంత, నాలుకలా పైకి నిలబడి ఉంది. అడుగు దూరంలో రెండోది.

"దొంగ వెధవలు," అంది హిల్యా అవ్వ, వంగి చూసి. గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "నా చెట్లు కోసుకుపోయారే! వల గోతి దగ్గర చెట్లు కోసే మనిషి ఈ సరస్సు మీద పుట్టాడా?"

మెర్వీ లేచి నిలబడింది. రెండు వందల అడుగుల దూరంలో పోటీ దారి మలుపు. మలుపు వరసలో పన్నెండు చెట్లు. పోటీ నడిపే క్లబ్బు పాతిన చెట్లు కింది దాకా కొమ్మలతో గుబురుగా ఉంటాయి. వల చెట్లకి కింది కొమ్మలు నరికేస్తారు, తీసేటప్పుడు వల వాటికి చిక్కుకోకుండా. పన్నెండింట్లో పది గుబురుగా ఉన్నాయి. రెండు మాత్రం నడుము దాకా బోడిగా, పరాయి ఊరి పెళ్ళిలో చుట్టాల్లాగా నిలబడి ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది ఆమెకి మొత్తం. వేసా ఆ రెండు చెట్లనీ సరిగ్గా కుడిచేతి వైపే ఉంచుకుని పోయాడు. నియమం తప్పలేదు. అవి ఉండాల్సిన చోట పడ్డాడు.

అదే సమయానికి దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. కౌకో మంచు బండి. వెనక చెట్లు ఏరే జారుడు బండి. పోటీ అయ్యాక చెట్లన్నీ ఏరి ఒడ్డున నెగడు వేస్తారు, దాని మీద సాసేజిలు కాలుస్తారు. ప్రతి ఏడాదీ జరిగేదే. అయితే ఏరడం ఎప్పుడూ ఒడ్డు దగ్గర మొదలవుతుంది. ఇవాళ కౌకో మూడు కిలోమీటర్ల చెట్లని వదిలేసి నేరుగా ఈ మలుపు దగ్గరికే వస్తున్నాడు.

"అవ్వా, ఆ మొదలుని మంచుగడ్డతో సహా తవ్వగలవా?"

"గునపం ఉంది. చేతులున్నాయి. కానీ నా కుర్చీ తీస్తే ఈ గోతికి గుర్తేదీ? దాన్నే కదా నిలబెట్టాను."

"తవ్వేదాకా ఉంచు. తర్వాత దాన్ని తీసుకుని డేరాకి వచ్చెయ్యి. గోతి సంగతి నేను చూసుకుంటా. ఒట్టు."

మెర్వీ మలుపు చేరేసరికి కౌకో అప్పటికే ఒక బోడి చెట్టుని పీకి జారుడు బండి మీద పడేశాడు. రెండోదాని మీద చెయ్యి వేశాడు. ఆమె బండిని అడ్డంగా జార్చి, ఆయనకీ చెట్టుకీ మధ్య ఆపింది.

"చెయ్యి తియ్యి బాబాయ్."

"ఏంటమ్మా ఈ ఆట? పొద్దుపోతోంది, నెగడు వెయ్యాలి."

"చెయ్యి తియ్యమన్నాను."

కౌకో చెయ్యి తీశాడు. కానీ చెట్టు అప్పటికే సగం లేచి ఉంది, వాలి మంచు మీద పడింది. ఆయన దాని మీద బూటు పెట్టాడు.

"రాత్రి గాలికి మలుపులో రెండు విరిగిపోయాయి," అన్నాడు. "పదింటికి పోటీ. అడవికి పోయి కోసుకురావాలంటే గంట. ఆ గొయ్యి మూడు రోజులుగా ఎవరూ ముట్టినట్టు లేదు. వదిలేసిన వల అనుకున్నా. కాఫీ తాగాక రెండు కొత్తవి తెచ్చి పెడదామనుకున్నా మెర్వీ. ఆ తర్వాత ఎవరో స్టార్టు దగ్గర తాడు తెగిందన్నారు, ఇంకెవరో పెట్రోలు లేదన్నారు. మర్చిపోయా. అంతే. మర్చిపోయా."

"సరే. మర్చిపోయావు. మనిషన్నాక మర్చిపోతాడు. మరి డేరాలో చూశానని ఎందుకన్నావు? నీ కళ్ళతో చూశానని!"

"ఏమనమంటావు? కోసింది నేనేనని చెబితే ఈ సరస్సు మీద మళ్ళీ పోటీకి అనుమతి ఇస్తారా? ముప్ఫై ఏళ్ళ పోటీ. మీ నాన్న మొదలుపెట్టినప్పుడు నేనూ ఉన్నా. వేసా ఎముక నాలుగు నెలల్లో అతుక్కుంటుంది. రెండేళ్ళయితే వాడికి ఇరవై నాలుగు, అంతే కదా! పోటీ పోతే మళ్ళీ రాదు."

"వాడికి తన కళ్ళ మీదే నమ్మకం పోయింది బాబాయ్! చెట్లు లేవో, తనే చూళ్ళేదో తెలీట్లేదన్నాడు. విరిగిన కాలు పట్టుకుని వాడు దాని గురించి ఏడుస్తుంటే, నేను... నేను కూడా వాడినే తిట్టాను. నీ అబద్ధం నా నోటితో చెప్పించావు."

"నీ చేతికి మొదటి ములుకు ఇచ్చింది నేను."

"అదే నన్ను కాల్చేస్తోంది. ఇంకెవడైనా అయితే ఈపాటికి కొట్టేదాన్ని. కాలు తియ్యి."

ఆయన తియ్యలేదు. ఇంకొంచెం బరువు వేశాడు. కింద చెట్టు కర్రుమంది.

మెర్వీ ముందు బ్రేకు బిగించి పట్టుకుని, గేరు వేసి, క్లచ్చు వదిలింది. వెనక చక్రం ఆయన బూటుకి జానెడు దూరంలో పిచ్చెత్తినట్టు తిరిగింది. మిగిలిన ములుకులన్నీ మంచుని చీల్చి ముక్కలు ముక్కలుగా ఆయన మోకాళ్ళ మీదికి, కోటు మీదికి, మొహం మీదికి విసిరాయి. కౌకో తిట్టుకుంటూ రెండడుగులు వెనక్కి పడ్డాడు. చక్రం ఆగేలోగా మెర్వీ వంగి చెట్టు అందుకుంది. మనిషి కంటే పొడుగ్గా ఉంది. కోసిన అంచున వేలెడంత పల్లం, చీలిక ఊడిపోయిన చోటు. అది చూశాక ఇంక ఆయన మొహం చూడలేదు.

"మెర్వీ! చెట్టు చెట్టే! ఎవరు నమ్ముతారు?"

ఆమె అప్పటికే కదిలిపోయింది.

ఒడిలో అడ్డంగా చెట్టు పెట్టుకుని మంచు మీద బండి నడపడం ఎవరూ నేర్పరు. గాలి కొమ్మల్లో దూరి హేండిల్‌ని పక్కకి లాగుతోంది. ముందు చక్రం ములుకులు మంచుని పట్టుకోవాలంటే దాని మీద బరువు వెయ్యాలి, బరువు వెయ్యాలంటే ముందుకు వంగాలి, వంగితే కొమ్మలు కళ్ళలో పొడుస్తున్నాయి. పంటి బిగువున వంగింది. దీవి కొన దాటాక, గాలికి పేరుకున్న మంచు దిబ్బ ఎండలో కనబడలేదు. ముందు చక్రం దిగబడింది. బండి ఒక వైపు, ఆమె ఒక వైపు, చెట్టు ఆమె చేతిలోనే. మోచెయ్యి భగ్గుమంది. లేచింది. బండి లేపింది. ఒక తన్ను. రెండు. మూడు. "లేవవే దరిద్రపుదానా!" నాలుగో తన్నుకి లేచింది.

డేరా గుమ్మం ముందు బండి పడేసి లోపలికి వెళ్ళేసరికి రెండూ ఎనిమిది.

"కాగితం," అంది.

ఓయివా కాగితం, పెన్ను ఇచ్చాడు. పెన్నులో సిరా గడ్డకట్టింది. గీస్తే మంచు మీద గోరు గీసినట్టు తెల్ల గీత. "నోట్లో పెట్టుకుని వేడి చెయ్యాలి," అన్నాడు ఓయివా. "పొద్దుటి నుంచి నేను అదే తింటున్నా." ఆ మాట అంటూనే చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఆమె ముందుకి తోశాడు. ఈసారి అతని మొహంలో నవ్వు లేదు.

మెర్వీ రాసింది: ‘వల గోతికి పోటీ సమయంలో గుర్తులు లేవు. వాటిని దారి వేసినవాళ్ళే కోసి మలుపులో పాతారు.’ సంతకం పెట్టేటప్పుడు పెన్సిలు మొన విరిగింది. రెండూ తొమ్మిది.

రైయా చదివింది. చెట్టు వైపు చూసింది. "ఇది ఏ చెట్టయినా కావచ్చు కదా మెర్వీ? ఇక్కడ నాలుగు వందల చెట్లున్నాయి."

"కాదు. ఈ చెట్టు మొదలు గోతి పక్కన మంచులో ఉంది. వస్తోంది."

"ఎవరు తెస్తున్నారు?"

"గోతి సొంతదారు."

"రాత టైముకే ఇచ్చావు. రుజువు వచ్చేదాకా ఆగుతా," అంది రైయా.

అప్పుడే కౌకో వచ్చాడు. గడ్డంలో మంచు ముక్కలు ఇంకా కరగలేదు. డేరా గుమ్మం దగ్గర పోటీదారులు పది మంది దాకా గుమిగూడారు. రైయా ఆయన్నే అడిగింది: "ఈ చెట్టు గురించి మీకేమైనా తెలుసా?"

మెర్వీ ఆయన్ని చూసింది. కోపంలో కూడా ఎక్కడో ఒక మూల, ఇప్పుడైనా చెబుతాడని ఆశ ఉంది ఆమెకి. చెప్పేస్తే బాగుండు. హిల్యా అవ్వ రాకముందే, తనంతట తనే చెప్పేస్తే బాగుండు.

"తెలీదు," అన్నాడు కౌకో. "క్లబ్బు చెట్టులాగే ఉంది."

ఆ మూల కూడా ఆరిపోయింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. ఓయివా కాఫీ పోశాడు, ఎవరూ తాగలేదు. చివరికి బయట జారుడు కుర్చీ చప్పుడు వినిపించింది. హిల్యా అవ్వ లోపలికి వచ్చింది. కుర్చీ మీద గోనెసంచిలో చుట్టిన మంచుగడ్డ, దాని మధ్యలో దేవదారు మొదలు. దాన్ని ఎత్తి రైయా బల్ల మీద, కాగితాల మీదే పెట్టింది.

"అడుగున చూసుకోండి. గొడ్డలి మొన. మూడు వైపులా మూడు వేట్లు. అది నా చెయ్యి. పైన చూసుకోండి. రంపం. అది నా చెయ్యి కాదు. మా ఇంట్లో రంపం లేదు, మా ఆయన పోయినప్పుడే అమ్మేశా."

మెర్వీ చెట్టుని రెండు చేతులతో ఎత్తి, కోసిన అంచుని మొదలు మీదికి దించింది. కొంచెం తిప్పింది. నాలుకలాంటి చీలిక పల్లంలోకి జారింది. టిక్కుమంది. చెయ్యి వదిలేసింది. చెట్టు బల్ల మీద తనంతట తనే నిలబడింది.

గుమ్మం దగ్గర ఎవరో ఊపిరి వదిలారు.

"దారి వేసే బృందంలో రంపం ఎవరి దగ్గరుంటుంది?" అడిగింది రైయా. జవాబు కోసం ఎవరూ ఎవరి వైపూ చూడనక్కర్లేకపోయింది. ఆ చేతిరంపం కౌకో మంచు బండికి వేలాడుతూనే ఉంది, గుమ్మంలోంచి అందరికీ కనబడుతూ.

"నేనే కోశాను," అన్నాడు కౌకో. "వదిలేసిన వల అనుకున్నా."

"ఎప్పుడు చెబుతున్నావు ఆ మాట?" మెర్వీ అరవలేదు. "ఈ డేరాలో నిన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వాడిని తోశావు. గోతిలో ఒకసారి పడ్డాడు, నువ్వు ఇంకో రెండుసార్లు తోశావు."

రైయా బోర్డు కాగితం తెప్పించి, 27 పక్కనున్న రెండు వరసలూ కొట్టేసింది. ‘గాయం వల్ల పూర్తి చెయ్యలేదు. తప్పు, దారి వేసినవాళ్ళది’ అని రాసి సంతకం చేసింది. ఆస్పత్రికి తనే ఫోను చేస్తానంది. "నేను చేస్తా," అంది మెర్వీ. "వాడికి నా నోటితోనే చెప్పాలి. తిట్టింది నా నోరు." తర్వాత రైయా మెల్లగా అంది: "ఇది సంఘానికి పంపాలి. వచ్చే ఏడాది పోటీ మాట ఇక నేను చెప్పలేను."

కౌకో మెర్వీ వైపు చూశాడు, చూశావా అన్నట్టు. ఆమె ఆ చూపుని అందుకోలేదు.

అప్పుడు హిల్యా అవ్వ అంది: "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా కుర్చీ ఇక్కడుంది. చెట్లు ఇక్కడున్నాయి. అక్కడ నా గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. గుర్తేదీ దానికి?"

గుమ్మం దగ్గరి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవతలి ఒడ్డు వాళ్ళంతా బండ్లు ట్రెయిలర్లకి ఎక్కించుకుని సరస్సు మీదుగానే ఇళ్ళకి పోతారు. కొందరు అప్పుడే ఇంజన్లు వేడి చేస్తున్నారు.

"ఈ చెట్టు నేను ఇవ్వలేను," అంది రైయా. "ఇది రుజువు."

"అక్కర్లేదు," అంది మెర్వీ. కౌకో దగ్గరికి వెళ్ళింది. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "నువ్వు పో. పోయి ఆ గోతి దగ్గర నిలబడు. నేను కొత్త చెట్లు కోసుకొచ్చి పాతేదాకా అక్కడ్నించి కదలకు. నువ్వు తీసేసిన గుర్తు ఇక నువ్వే."

ఎవరూ నవ్వలేదు. ఓయివా కూడా నవ్వలేదు.

కౌకో టోపీ చెవుల మీదికి లాక్కుని బయటికి నడిచాడు. జనం పక్కకి తప్పుకున్నారు. మంచు బండి ఎక్కి దీవి వైపు పోయాడు.

మెర్వీ ఆస్పత్రికి ఫోను చేసింది. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు నర్సు వేసా చెవి దగ్గర ఫోను పెట్టింది. "చెట్లు లేవురా," అంది మెర్వీ. "ఒక్కటి కూడా లేదు. నువ్వు చూసింది నిజం." "మరి తిట్టావుగా," అన్నాడు వాడు మత్తుగా. "తిట్టాను. లేచాక నువ్వు తిట్టు," అంది.

ఫోను పెట్టేసి, గొడ్డలి అడిగి తీసుకుంది. ఒడ్డు వెనక అడవిలోకి నడిచి, రెండు మొక్కల్ని చూసుకుంది. నరికింది. కింది కొమ్మలు కొట్టేసింది, నడుము దాకా. మూడు వైపులా మూడు వేట్లతో మొన తీసింది, హిల్యా అవ్వ తీసినట్టే. ఒక మొన వంకరగా వచ్చింది. పారేసి ఇంకొకటి నరికింది.

చెట్ల మధ్య నుంచి సరస్సు మొత్తం కనిపిస్తోంది. దీవి కొన అవతల మంచు మీద నల్లటి మనిషి ఒక్కడు. చలికి రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా వేసుకుని నిలబడ్డాడు. ట్రెయిలరు లాక్కుంటూ ఒక కారు నేరుగా ఆయన వైపే వెళ్ళింది. దూరం నుంచే చూసి, వేగం తగ్గించి, వెడల్పుగా చుట్టూ తిరిగి పోయింది. దాని వెనకొచ్చిన కారూ అలాగే తిరిగింది.

మెర్వీ మొన మీద వేలు పెట్టి చూసింది. ఇంకా పదును చాలదనిపించింది. మొద్దు మీద కూర్చుని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది. తొందరపడలేదు.